నాయిన పేరున్న పాటగాడు

మహారాష్ట్రలో మనిషి పేరు నడుమ తండ్రి ఉంటాడు. ముందు నా పేరు, తర్వాత నాయిన పేరు, చివర ఇంటిపేరు. బడిలో హాజరు పిలిచినా, బ్యాంకులో సంతకం పెట్టమన్నా ఇదే వరుస. ధర్మాబాద్ దాటి తెలంగాణ వైపు మా చుట్టాల ఊళ్ళకు పోతే ఇంటిపేరు ముందుకొస్తుంది, నాయిన కనిపించడు. నాందేడ్‌లో ఉన్నంతకాలం మాత్రం ఆయన నా పేరులోనే ఉంటాడు. అందుకేనేమో, పుస్తకాల్లో ఎక్కడైనా ఆయన పేరు కనిపిస్తే నా కళ్ళు అక్కడ ఆగిపోయేవి.

ఆ పేరు ఇక్కడ రాయను. పెళ్ళయిన నాటి నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, నోట పలకని పేరు అది. నేను రాసింది ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే మొహం పక్కకు తిప్పుకుంటుంది. దేవుడి పేరు, చిన్న పేరు, ప్రతి గల్లీలో ఒకరికి ఉండే పేరు అని చెబితే చాలు. తెలుగువాళ్ళు దానికి చివర 'అయ్య' తగిలిస్తారు, కన్నడంవాళ్ళు 'అప్ప', మరాఠీవాళ్ళు 'రావు'. మా నాయినకు ఏ తోకా లేదు. మోండాలో, అంటే మా ఊరి ధాన్యం మార్కెట్‌లో, హమాలీ పని చేసేవాడు. అక్కడ బస్తాలు మోసేవాణ్ణి పొట్టి పేరుతోనే పిలుస్తారు.

నేను బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌ని. ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ దిద్దించలేదు. దుకాణానికి వచ్చే మూటల మీద, గోడ క్యాలెండర్ల మీద చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. దుకాణానికి సెలవున్న రోజు పొద్దున అక్కడికి పోతే తలుపులు వేసేదాకా కదిలేవాణ్ణి కాదు. మరాఠీ, హిందీ, ఉర్దూ పుస్తకాలకు గదులు గదులే ఉన్నాయి. తెలుగుకు ఒక్క బీరువా. ఆ బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినవాడివి నువ్వొక్కడివే అని గ్రంథపాలకుడు పది మందిలో అనేవాడు. ఈ మాట రాసుకోవడానికి నాకు మొహమాటం లేదు. డిగ్రీలున్నవాళ్ళు నా దుకాణానికి వచ్చి చీరలు బేరమాడుతుంటే, వీళ్ళలో ఎంతమంది ఆ బీరువా తలుపు తీసి ఉంటారా అనుకునేవాణ్ణి.

నాయిన పేరున్నవాళ్ళు నాకు ఆ పుస్తకాల్లో ఒక్కొక్కరే తగిలారు. మొదట తగిలినవాడు ఒక మల్లయోధుడు, సంస్థానాల కాలం వాడు. తర్వాత ఒక కళ్ళ డాక్టరు. ఒక న్యాయమూర్తి. నాటక కంపెనీలో హార్మోనియం వాయించిన ఒకాయన. ఏదో కొండ మీద కొత్త గడ్డి మొక్కను కనిపెట్టిన శాస్త్రవేత్త. కాలువలు తవ్వించిన ఇంజనీరు. ఒకరికొకరు సంబంధం లేదు. భాషలు వేరు, కులాలు వేరు, కాలాలు వేరు. పేరొక్కటే.

గ్రంథపాలకుడు మరాఠీ మనిషి. నేను ఆయన్ని కాకా అంటాను. నేను లోపలికి అడుగుపెట్టగానే "కాయ్ పండిత్, ఆజ్ కోణ్ సాపడ్‌లా?" అనేవాడు. ఏం పండితుడా, ఇవాళ ఎవరు దొరికారు అని. ఆ డాక్టరు పేరు చివర 'అప్ప' ఉంది కదా, అది వేరే పేరు కిందికే వస్తుందని వాదించేవాడు. తోక తీసేసి చూడాలి కాకా అని నేను. తోక తీసేస్తే గుర్రమూ గాడిదా ఒకటేనా అని ఆయన. ఇట్లా మా మధ్య ఎన్నో మధ్యాహ్నాలు గడిచాయి.

సాయంత్రం ఇంటికొచ్చి నాయినకు చెప్పేవాణ్ణి. ఆయన వాకిట్లో గోనె సంచి మీద కూర్చుని భుజానికి నూనె రాసుకుంటూ ఉండేవాడు. బస్తాల ఒరిపిడికి మెడ దగ్గర కాయ కట్టి ఉండేది. అవ్వ గడప లోపల రొట్టెలు చేస్తూ వింటుండేది.

"నాయినా, ఇయ్యాల నీ పేరు డాక్టరు దొరికిండు. కండ్ల డాక్టరు."

"నా పేరు గాయనకెందుకు పెట్టిండ్రు? గాయన బస్తా మోసిండా?"

"ఇంజనీరు సుత ఉన్నడు. కాల్వలు తవ్విచ్చిండు."

"తవ్విచ్చిండు. తవ్విండా?"

లోపలి నుంచి అవ్వ నవ్వేది. "మీ నాయినకు ఎవ్వలూ ఆనరు బిడ్డా. గా పహిల్వాన్ ఒక్కడే జర ఆనిండు."

అవ్వ ఆ మనుషులను పేరుతో అనేది కాదు, అనకూడదు కనుక. 'మీ నాయిన పేరు డాక్టరు', 'మీ నాయిన పేరు జడ్జీ' అనేది. పెద్దపెద్దవాళ్ళంతా మా ఇంట్లో ఆ పిలుపుతోనే తిరిగేవాళ్ళు.

అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించినవాడు పాటగాడు. తెలుగు కళాకారుల పరిచయాలున్న ఒక లావుపాటి సంపుటంలో రెండు వరుసల్లో దొరికాడు. నాయిన పేరు, పక్కన 'జానపద గాయకుడు' అని, 'నాందేడ్ సరిహద్దు ప్రాంతం, కలుపు పాటలకు ప్రసిద్ధి' అని. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. మిగిలినవాళ్ళంతా ఎక్కడెక్కడివాళ్ళో. ఇతను మా నేల మనిషి. ఆ రోజు నేను నడిచి కాక ఆటోలో ఇంటికి వచ్చాను, చెప్పాలనే తొందరలో.

"నాయినా, నీ పేరు పాటగాడున్నడు. మన దిక్కే. కలుపు పాటలు పాడుతడంట."

నాయిన చాలాసేపు నవ్వాడు. "కలుపు పాటలు ఆడోళ్లు పాడుతర్రా. మొగోడు పాడుడేంది? నాకైతె కూత సుత రాదు. గీ పేరుకు పాట ఎట్లచ్చిందో."

అవ్వ రొట్టె తిప్పుతూ, "ఎవ్వలో ఏమో, మంచిగ పాడుతడేమో పాపం" అంది.

ఆ తర్వాత ఏ పండుగకో ఇంటికి చుట్టాలొస్తే నాయినే చెప్పుకునేవాడు, "నా పేరు పాటగాడు ఒకడున్నడు, కితాబుల ఎక్కిండు" అని. డాక్టరునూ జడ్జీనీ ఎప్పుడూ చెప్పుకోలేదు. నాయిన పోయి కొన్నేళ్ళయింది. ఆ పాటగాడు ఎవరో తెలియకుండానే పోయాడు.

ఇక్కడ అవ్వ సంగతి ఒకటి చెప్పాలి. రేషన్ ఆఫీసుకో, ఆసుపత్రికో తీసుకుపోతే గుమాస్తా "పూర్ణ నావ్" అంటాడు, పూర్తి పేరు. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఆ నడిమి చోట భర్త పేరు రావాలి. అవ్వ తన పేరు చెబుతుంది, మెల్లగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత ఆగి మోచేత్తో నన్ను పొడుస్తుంది. నేను నాయిన పేరు చెబుతాను. అప్పుడు ఆమె ఇంటిపేరు చెబుతుంది. ఒక పేరు చెప్పడానికి మా ఇంట్లో ఇద్దరు కావాలి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ పోటు తిన్నానో. అది ఒక అలవాటుగానే తెలుసు కానీ, దాని మీద ఏమైనా ఆధారపడి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

పోయిన వానాకాలం ఎవరో పెద్దాయన ఇంటి నుంచి గ్రంథాలయానికి కొన్ని తెలుగు పుస్తకాలు దానంగా వచ్చాయి. అందులో సరిహద్దు ఊళ్ళ పాటల పుస్తకం ఒకటి, చాలా ఏళ్ళ కిందట అచ్చయింది. కాకా దానికి ముద్ర కూడా వేయకముందే నా చేతిలో పెట్టాడు. అక్కడే కూర్చుని సగం చదివాను. ఒక పాట మొదటి వరుస దగ్గర చాలాసేపు ఆగాను. 'మునుపు పుట్టిన చెల్లె ముందుకే నడువే' అని ఉంది. ముందుగా పుట్టినది చెల్లెలు ఎట్లా అవుతుంది? ఇందులో ఏదో లోతైన అర్థం ఉందనిపించింది. కొన్ని ప్రాణాలు వయసులో చిన్నవైనా లోకానికి ముందే వచ్చినవని పల్లెటూరి కవి చెబుతున్నాడని కాకాకు మరాఠీలో వివరించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చాలా బాగుంది అన్నాడు.

పుస్తకం ఇంటికి తెచ్చాను. అవ్వకు ఇప్పుడు చూపు మందగించింది, చెవులు మాత్రం బాగున్నాయి. మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. వినిపిద్దామని ఆ పాటే తీశాను.

"మునుపు పుట్టిన చెల్లె ముందుకే నడువే..."

అవ్వ చెయ్యి ఆగింది. "ఏందీ?"

మళ్ళీ చదివాను.

"గట్ల కాదురా. ముందుగాల పుట్టినామె అక్క అయితది గని సెల్లె ఎట్లయితది?" అని, చదువుకున్న నన్ను అంత తేలిగ్గా కొట్టేసి, గొంతు సవరించుకుని మంచం మీది నుంచే ఎత్తుకుంది.

"మునుము పట్టిన సెల్లె ముందుకే నడువే
ఎనుక అచ్చే పొద్దు ఎంట అచ్చె సూడే..."

మునుము అంటే కలుపు తీసేటప్పుడు ఒక్కో మనిషి పట్టుకునే వరుస. నేను పట్నంలో పెరిగినవాణ్ణి కనుక ఆ మాట పుస్తకాల్లో చదివానే తప్ప చెవితో వినలేదు. రెండో వరుస పుస్తకంలో అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉంది. నేను ఇంకా చదవలేదు, అవ్వ పాడేసింది. మూడో వరుస, నాలుగో వరుస. పేజీ మీద వేలు పెట్టి వెంట పోయాను. ఆమె గొంతు నా వేలికన్నా ముందే ఉంది. మా అవ్వ పాడగా నేను వినడం అదే మొదటిసారి. బస్తాల హమాలీ ఇంట్లో, ఒక్క గదిలో, ఎవరికోసం పాడుతుంది?

"నీకు గీ పాట ఎట్లెరుకవ్వా?"

"ఎట్లెరుకేంది? నేను అన్న పాటనే గదరా. బాబ్లీ కాడ మనూర్ల ఉన్నప్పుడు."

పుస్తకం చివరి పేజీలు తిప్పాను. పాడినవారి పట్టిక ఉంది. ఊరి పేరు, నాందేడ్‌కు రాకముందు మేమున్న పాత ఊరిది. దాని ఎదురుగా మా ఇంటిపేరు, తర్వాత నాయిన పేరు, తెలుగు వరుసలో. ఆ లావుపాటి సంపుటం వాళ్ళు ఈ పట్టికలోంచి తీసుకుని, ఇంటిపేరూ ఊరూ వదిలేసి, 'గాయకుడు' అని తమంతట తాము చేర్చుకున్నారని అప్పుడు అర్థమైంది. నేను ఏరుకొచ్చిన పేర్లలో ఆరుగురు వేరే మనుషులు. ఏడోవాడు మా అవ్వ.

ఆమెకు చెప్పాను. వెంటనే అర్థం కాలేదు. తర్వాత నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. నవ్వు తగ్గాక ఆ రోజు సంగతి చెప్పింది. నేను పుట్టకముందు. జొన్న చేనులో కలుపు తీస్తుంటే నిజామాబాద్ దిక్కు నుంచి పంట్లాం తొడుక్కున్న ఒక సారు, భుజానికి టేపు మిషన్ తగిలించుకుని గట్టు మీదికి వచ్చాడు. పాడమన్నాడు. పాడారు. తర్వాత ముందు పాడినామెను పేరు అడిగాడు.

"పూరా పేరు సెప్పమ్మా అన్నడు. సర్కారోడేమో అనుకుని మన రివాజు ప్రకారం సెప్పిన. నా పేరు సెప్పిన. మీ నాయిన పేరు కాడికి అచ్చేసరికి పక్క మునుముల ఉన్న బైంసామెను పొడ్సిన. దానికేమొ పెద్ద గొంతు. సేనంత ఇనబడేటట్టు ఒర్లింది. ఎన్క నేను ఇంటిపేరు సెప్పిన."

గాలిలో, కొంగు చాటున, మెల్లగా చెప్పిన పేరు సారుకు వినిపించి ఉండదు. తోక లేని ఆ పొట్టి పేరు గట్టిగా వినిపించేసరికి అదే ఆమె పేరనుకుని, ఇంటిపేరుతో కలిపి తెలుగు పద్ధతిలో రాసుకున్నాడు. మరాఠీ వరుసలో చెప్పిన పేరును తెలుగు వరుసలో రాసుకునేసరికి ఆడమనిషి మాయమై మగమనిషి మిగిలాడు.

"అయితె గన్ని దినాలు మీ నాయిన పేరు పాటగాడు, పాటగాడు అంటివి..." అని ఆమె సగంలో ఆగింది. తర్వాత, "మీ నాయినకు జర తెలుస్తె మంచిగుండు. ఏమనేటోడో" అంది.

నేను అంతటితో ఊరుకోలేదు. పాటలు అవ్వవి. పుస్తకంలో ఆమె పేరు ఉండాలి. కాకా నాలుగు చోట్లకు ఫోన్లు చేసి ఆ సారు ఫోన్ నంబరు సంపాదించాడు. రిటైరైన లెక్చరర్, వయసు బాగా మీద పడింది. విషయం చెబితే మళ్ళీ మళ్ళీ అడిగి విన్నాడు. తర్వాత, "పుస్తకం మళ్ళీ అచ్చు వేయిద్దామని ఈ మధ్యే మొదలుపెట్టాను. నేనే వచ్చి అమ్మను కలుస్తాను" అన్నాడు. అన్నట్టే ఒక ఆదివారం రైల్లో వచ్చాడు, ఆ వయసులో.

అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. సారు ఆమెకు ఎదురుగా కుర్చీలో కూర్చోకుండా చాప మీదే కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా. క్యాసెట్లు బూజు పట్టి పోయినయి. ఉన్నయేమో విని సరిచేద్దామంటే అదీ లేదు. కాయితం మీద రాసుకున్నదే మిగిలింది. ఇప్పుడు మీ పేరు వేయిస్తాను."

"సారు, గప్పుడు మీకు మీసాలుండె."

"ఉండె. మీరు తలెత్తి చూస్తేనే కదా అనుకున్నా."

"కొంగులకెళ్లి సూడరాదా?" అని అవ్వ నవ్వింది. తర్వాత అడిగింది, "నా పేరొక్కటే ఏస్తరా?"

"పాట మీదే కదమ్మా."

"పాట నాదెట్లయితది సారు? ముందుగాల అనేదాన్ని నేను. ఎన్కల ఎత్తుకునేటోళ్లు లేకుంటే ఒక్కదాన్ని పిచ్చిదాని తీర్గ సేన్ల ఒర్లినట్టుండు. వాళ్లయి సుత ఎయ్యుండ్రి."

సారు సంతోషంగా కలం తీశాడు. "చెప్పండి."

"బైంసామె. బోధనామె. బాసరామె. ఉమ్రామె. ఇంకొకామె, పొట్టామె, ఏ ఊరిదో యాదికి లేదు."

కలం రెండో పేరు దగ్గరే ఆగింది. "ఇవి ఊళ్ళ పేర్లు కదమ్మా. వాళ్ళ సొంత పేర్లు?"

"గవ్వే సారు. బైంసామెను బైంసామె అనకుంటే ఏమంటరు?"

కోడలై వచ్చిన ఆడదాన్ని మా ఊళ్ళలో పుట్టింటి ఊరితోనే పిలుస్తారు. ఈ సంగతి నాకూ సారుకూ తెలుసు. తెలిసి కూడా, ఒక మనిషి జీవితమంతా ఆ పిలుపు మీదే గడిచిపోతుందని ఆ పూట దాకా ఆలోచించలేదు.

"మరి నిన్నేమనేటోళ్లవ్వా?" అని అడిగాను.

"కందకుర్తామె" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వేరేగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పిలవని పిలుపు కదా. నాందేడ్‌కు వచ్చాక ఆమె ఫలానావాడి అవ్వ మాత్రమే.

సారు ఇబ్బంది పడ్డాడు. ఊళ్ళ పేర్లు వేస్తే చదివేవాళ్ళకు మనుషులని తెలియదన్నాడు. సొంత పేర్లు తెస్తే అందరివీ వేస్తానన్నాడు, అచ్చుకు ఇవ్వడానికి ఇంకా కొంత సమయం ఉందన్నాడు. అప్పటిదాకా అమ్మ పేరైతే వేద్దామా అని నా వైపు చూశాడు. నేను వేద్దామనే అన్నాను.

"వద్దు" అంది అవ్వ. "అందరియి ఏస్తె నాది ఎయ్యుండ్రి. లేకుంటే ఇడ్సిపెట్టుండ్రి."

"అవ్వా, నీదన్న ఉండనీ."

"నన్నొక్కదాన్ని ఏస్తె బైంసామె ఏమనుకుంటదిరా? ఇది సదువుకున్న కొడుకును పట్టుకుని పేరు రాపిచ్చుకున్నది అనదా?"

"బైంసామె ఉన్నదో లేదో."

"లేకుంటే మరీ పాపం గదా" అంది. ఇక ఆ మాట మీద వాదం లేదు. సారు భోజనం చేసి, అవ్వ చేత 'మునుము' అన్న మాటను మళ్ళీ రెండుసార్లు చెప్పించుకుని రాసుకుని, సాయంత్రం బండికి పోయాడు.

సెలవు పెట్టి ఊరికి పోయాను. ధర్మాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. నాయిన నన్ను చంకనేసుకుని వదిలి వచ్చిన ఊరు. ఎవరి ఇల్లు ఏదో అడుగుతూ తిరిగాను. బైంసామె పోయి చాలాకాలమైంది. మనవడు సోయాబీన్ సంచులు కుడుతున్నాడు. "అవ్వ పేరు అవ్వనే గదా" అన్నాడు. పాత కార్డు ఏదైనా ఉందా అంటే ఇల్లు కూలినప్పుడు పోయిందన్నాడు. బోధనామె వాళ్ళు ఊరు విడిచి పోయారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఉమ్రామె కోడలు ఒక పేరు చెప్పింది. కాదు అది ఆమె చెల్లెలిదని పక్కింటామె అంది. ఇద్దరూ నా ముందే కొట్లాడుకున్నారు. పొట్టామె ఎవరో ఎవరికీ గుర్తు లేదు.

బాసరామె మాత్రం ఉంది. వంగిపోయి, వాకిట్లో ఎండకు కూర్చుంది. కందకుర్తామె కొడుకునని చెవి దగ్గర అరిచి చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది. "ముందల అనేది గామెనే" అంది. ఆమె పేరు అడిగితే, "నా పేరెందుకు బిడ్డా? పింఛను ఆగిందా?" అంది. పాటల పుస్తకం కోసమని చెబితే నమ్మలేదు. బతిమాలితే చివరికి చెప్పింది, ఎవరో వినేస్తారన్నట్టు అటూ ఇటూ చూసి.

ఆ పేరు జేబులో వేసుకుని వచ్చాను. గ్రంథాలయంలో కూర్చుంటే ఎక్కడో మైసూరు దిక్కున పుట్టిన ఇంజనీరు తండ్రి పేరు, తాత పేరు కూడా నాకు దొరికాయి. మా అవ్వ పక్క వరుసలో కలుపు తీసిన మనుషుల పేర్లు సొంత ఊళ్ళో దొరకలేదు. ఏ పుస్తకమూ చదవక్కరలేకుండా, ఒక్క పదేళ్ళ ముందు ఆ ఊరికి ఒక్కసారి పోయి ఉంటే అన్నీ దొరికేవేమో. అవ్వ పాడుతుందనే నాకు తెలియదు కదా, ఎందుకని పోతాను?

సారుకు ఫోన్ చేసి, అవ్వది, బాసరామెది, ఇద్దరి పేర్లే ఉన్నాయన్నాను. ప్రెస్‌వాళ్ళు తొందరపెడుతున్నారని ఆయన అన్నాడు. "అమ్మ మాట ప్రకారమే పోదాం. ఆమె మనసు నొప్పించొద్దు" అన్నాడు. నేను ఏదో అనబోయాను. అనకుండా సరే సార్ అన్నాను.

ఈ చలికాలం మొదట్లో పుస్తకం పోస్టులో వచ్చింది. అట్ట బాగుంది, కాగితం తెల్లగా ఉంది. అవ్వ పక్కన కూర్చుని ముందు పాట చదివాను. 'మునుము' సరిగ్గా పడింది. "గిప్పుడు మంచిగున్నది" అంది.

"పాడినోళ్లు ఎవ్వలని రాసిండు?"

చివరి పేజీలు తీశాను. నా కళ్ళు ముందుగా వెతికింది నాయిన పేరునే. లేదు. ఉండదని తెలుసు, ఉండకూడదని నేనే ఫోన్ చేసి చెప్పాను. అయినా ఆ ఖాళీని చూస్తే ఆయన్ని రెండోసారి సాగనంపినట్టు అనిపించింది. జన్మలో ఆయన పేరు అచ్చుకెక్కింది పాత పుస్తకంలోని ఆ పట్టిక వల్లనే, అదీ పొరపాటున.

"ఏమున్నదిరా? సదువు."

"పాడినవారు, గోదావరి ఒడ్డు గ్రామాల స్త్రీలు."

"గంతేనా?"

"గంతే అవ్వా."

"స్త్రీలు అంటే ఆడోళ్లేనా?"

"ఆడోళ్లే."

అవ్వ కాసేపు కాళ్ళ మీద దుప్పటి సవరించుకుంది.

"మీ నాయినది తీసేసిండా?"

"తీసేసిండు."

"నాది లేదు."

"నువ్వే వద్దన్నవు గదా."

"అన్న. అననా మరి? ఎదురుంగ కూసుని నా పేరు ఎయ్యుమని ఎట్లంట?" గొంతులో కోపం లేదు. "నేను వద్దంటె మాత్రం, ఎన్కనన్న నువ్వు ఎయ్యుమనద్దా బిడ్డా. గన్ని బుక్కులు సదివినవు."

ఆమె చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. చదవడం రాదు, చూపూ ఆనదు. ఆ పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అక్షరాలున్న చోట వేలితో మెల్లగా తడిమింది.

అవ్వ పేరును నేను ఇక్కడ రాయడం లేదు. అది పాటల కింద ఉండాల్సిన పేరు, నా మాటల మధ్య కాదు.

"ఇంకోపారి ఎప్పుడు అచ్చేస్తరురా?" అని అడిగింది.

సారు వయసు నాకు తెలుసు. అవ్వ వయసూ తెలుసు. ఇట్లాంటి పుస్తకం ఒకసారి అచ్చయ్యాక మళ్ళీ అచ్చు కావడానికి ఎంతకాలం పడుతుందో ఆ బీరువా చదివినవాణ్ణి, అదీ తెలుసు.

"ఏస్తరవ్వా, ఏస్తరు" అన్నాను.

"గప్పుడు ఎయ్యుమను" అంది. "బాసరామెది సుత."